ముందు వేలాడే బరువు: పికప్‌కి స్నో ప్లో బిగించడం గురించి ఆటోనగర్లో చేసిన ప్రసంగం

(విజయవాడ ఆటోనగర్లో ఒక ఆదివారం సాయంత్రం మెకానిక్కులు, ఐటీఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మా మేస్త్రి గారు కూర్చున్నారు. నేను డిప్లొమా అయిపోయి ఈ ఆటోనగర్లో అడుగుపెట్టిన రోజున నా చేతికి డీజిల్ డబ్బా, గుడ్డపీలిక ఇచ్చి, పానాలన్నీ కడిగి సైజు ప్రకారం పేర్చమన్నది ఆయనే. నాలుగేళ్ళు ఆయన దగ్గర కమాన్ల పనీ, అంటే బండి కింద స్ప్రింగు పట్టీల పనీ, ఛాసీ పనీ, అంటే బండి అడుగు చట్రం పనీ నేర్చుకున్నాను. ఆ తర్వాత అమెరికా వెళ్ళాను. మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊళ్ళో, ట్రక్కులకి సామాన్లు బిగించే ఒక షాపులో పదకొండు చలికాలాలు పనిచేశాను. మేస్త్రి గారూ, ఈ రోజు మీ ముందు నిలబడి మాట్లాడటం నాకు చాలా పెద్ద విషయం.

మొన్న ఇక్కడి కుర్రాళ్ళు నన్నడిగారు, "అన్నా, అక్కడ నువ్వు చేసిన పని ఏంటి?" అని. స్నో ప్లోలు బిగించేవాణ్ణి అన్నాను. అదేంటన్నారు. బండి ముందు తగిలించి, దారి మీద పడిన మంచుని తోసే బ్లేడు అది. దాని గురించి చెప్పటానికే వచ్చాను. బెజవాడలో మంచెక్కడుంది, మాకెందుకీ గోల అనుకోకండి. బండికి ముందు ఒక బరువు తగిలించేవాడు ఎవడైనా, అది ట్రాక్టర్‌కి బ్లేడు కావచ్చు, జీపుకి బుల్ బార్, అంటే బంపరు ముందు బిగించే గొట్టాల చట్రం కావచ్చు, వాడు తెలుసుకోవలసిన విషయం ఒకటే. నేను దాన్ని మంచులో నేర్చుకున్నాను. నాకంటే ముందు ఇంకొకాయన దెబ్బ తిన్నాక నేర్చుకున్నాను. అది కూడా చెప్తాను.

ముందు మంచు సంగతి. మనం పొగమంచునీ మంచే అంటాం, ఐసునీ మంచే అంటాం. నేను చెప్పే మంచు ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలి నేల మీద పేరుకునేది. మేమున్న ఊరికి పడమర పక్కన మిషిగన్ సరస్సు. దాని మీదుగా వచ్చే చల్లగాలి తేమ ఎత్తుకొచ్చి మా నెత్తిన కుమ్మరించేది. ఒక్క చలికాలంలో మొత్తం కలిపితే ఆరడుగులు దాటి పడుతుంది. తెల్లారి లేస్తే కారు కనపడదు. అప్పుడే పడిన పొడి మంచు తేలికే, ఘనపు మీటరుకి 50 నుంచి 100 కిలోలు. అదే తడిసి గట్టిపడితే 300, 400 కిలోలు. ఇంటి ముందు దారి, ఆసుపత్రి దారి, బడి దారి, ఎవరో ఒకరు తొయ్యాలి. పెద్ద రోడ్లకి ప్రభుత్వం పెద్ద లారీలు పంపిస్తుంది. మిగతా చోట్ల పికప్, అంటే వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు, ఉన్నవాడు దాని ముందు బ్లేడు తగిలించుకుని తోస్తాడు. చలికాలంలో చాలామందికి అదే జీవనాధారం.

బ్లేడంటే ఎలా ఉంటుంది? మన డోజర్ ముందుండే వంపు తిరిగిన రేకు చూశారు కదా, అలాంటిదే, ఏడున్నర, ఎనిమిది అడుగుల వెడల్పు. దాని వెనక త్రికోణంలా ఒక ఇనప చట్రం. ఆ చట్రాన్ని పట్టుకోవడానికి బండి ఛాసీకి బిగించిన మౌంటు. బ్లేడుని ఎత్తడానికి ఒక హైడ్రాలిక్ సిలిండరు, కుడికీ ఎడమకీ తిప్పడానికి రెండు సిలిండర్లు, వీటికి నూనె కొట్టే చిన్న పంపు, దాన్ని తిప్పే 12 వోల్టుల మోటారు. క్యాబిన్లో డ్రైవరు చేతిలో ఒక చిన్న మీట. అంతే. చూస్తే ఏముంది, మన ఆటోనగర్లో ఒక్క రోజులో బిగించేస్తాం అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

నా మొదటి చలికాలం. నవంబరు నెల. ఒక పెద్దాయన పికప్ తెచ్చాడు. చిన్న తరగతి బండి. అక్కడ పికప్‌లని అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అని పిలుస్తారు. ఫోర్డ్ వాళ్ళ ఎఫ్-150 అర టన్ను, ఎఫ్-250 ముప్పావు, ఎఫ్-350 ఒక టన్ను. పాత రోజుల పేర్లు, ఇప్పుడు అవి నిజంగా మోసే బరువుతో సంబంధం లేదు, తరగతి చెప్పటానికి మిగిలాయి. ఈయనది అర టన్ను. తెచ్చుకున్న బ్లేడేమో ముప్పావు టన్ను బండికి సరిపోయేది, ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. రాత్రికి తుఫాను వస్తోంది, తెల్లవారుజామున చర్చి ముందు దారి తొయ్యాలి, త్వరగా బిగించమన్నాడు. మా ఓనరు సరే అన్నాడు. నేనూ ఇంకో కుర్రాడూ కలిసి సాయంత్రానికి బిగించాం. వెనక ఇసక బస్తాలు వెయ్యాలి కదా అని నేనంటే, ఇంటి దగ్గర ఉన్నాయి, వేసుకుంటాను అన్నాడు. వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున దిగుడు రోడ్డులో బ్రేకు కొట్టాడు. ముందు చక్రాలు పట్టుకున్నాయి, వెనక చక్రాలకి నేల మీద పట్టు లేదు. వెనక భాగం చుట్టూ తిరిగి, బండి పక్కవాటుగా పోయి స్తంభానికి కొట్టుకుంది. ఆయన భుజం ఎముక విరిగింది. ఆ దారిన అప్పుడు ఎవరూ నడవడం లేదు కాబట్టి అంతటితో పోయింది. బండిని మళ్ళీ మా షాపుకే తెచ్చారు. నేను కింద దూరి ప్రతి బోల్టూ పట్టి చూశాను. ఒక్క బోల్టు వదులు లేదు. ఒక్క వెల్డింగు విడలేదు. బ్లేడు చక్కగా బిగించి ఉంది. బండే సరిగ్గా లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బిగించడం అంటే బోల్టులు బిగించడం అని నాలుగేళ్ళు ఇక్కడ, మూడు నెలలు అక్కడ నేను అనుకున్నాను. అది తప్పు. మనం ఏదైనా ముందు తగిలించామంటే ఆ బండిని కొత్త బండిగా మార్చాం. ఆ కొత్త బండికి స్టీరింగ్ ఎలా ఉంది, బ్రేకు ఎలా ఉంది, వెనక చక్రం నేలని ఎంత నొక్కుతోంది, ఇవి చూడకుండా తాళం చెవి ఇవ్వకూడదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మీలో ఎంతమంది ఎడ్లబండి తోలారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, బాగుంది. బండిలో గడ్డి ముందుకి ఎక్కువ వేస్తే ఏమవుతుంది? కాడి ఎద్దుల మెడ మీద దిగబడుతుంది. వెనక్కి ఎక్కువైతే? కాడి పైకి లేస్తుంది, మెడ తాడు గొంతుకి బిగుస్తుంది. బరువు అంతే, ఎక్కడ పెట్టామన్నదే తేడా. పికప్‌లో కూడా ముందు ఇరుసుకి ఇంకా ముందు బరువు వేలాడదీస్తే, ముందు ఇరుసు ఆ బండి చక్రంలాగా మధ్యలో నిలబడుతుంది. ముందు కిందకి దిగుతుంది, వెనక పైకి లేస్తుంది.

ఎంత? కాగితం, పెన్సిల్ ఉన్నవాళ్ళు రాసుకోండి. బ్లేడు, చట్రం అంతా కలిపి 360 కిలోలు అనుకుందాం. ఆ తరగతి బ్లేడుకి ఇది మామూలు బరువే. దాని బరువు కేంద్రం ముందు ఇరుసుకి 1.2 మీటర్లు ముందుంది. రెండు ఇరుసుల మధ్య దూరం, వీల్ బేస్, 3.6 మీటర్లు. 1.2ని 3.6తో భాగించండి. మూడో వంతు. 360లో మూడో వంతు 120. ఈ 120 కిలోలు వెనక ఇరుసు మీద నుంచి తీసి ముందు ఇరుసు మీద పెట్టినట్టు అవుతుంది. అంటే ముందు ఇరుసు మీద పెరిగింది 360 కాదు, 480. వెనక తగ్గింది 120. మళ్ళీ చెప్తాను. మీరు తగిలించింది 360, ముందు చక్రాలు మోసేది 480. ఈ అదనపు 120 ఎవరి కంటికీ కనపడదు. బ్లేడు మీద రాసి ఉండదు. బిల్లులో ఉండదు. ఆ పెద్దాయన బండిని తిప్పి స్తంభానికి కొట్టింది ఇలా వెనక తేలిపోయిన బరువే.

మరి ముందు ఇరుసు ఎంత మోయగలదు? అక్కడ ప్రతి బండికీ డ్రైవరు వైపు తలుపు తెరిస్తే, ఆ తలుపు ఆనుకునే స్తంభం మీద ఒక చీటీ అతికించి ఉంటుంది. బండి మొత్తం ఎంత బరువు దాటకూడదో, ముందు ఇరుసు ఎంత, వెనక ఇరుసు ఎంత, విడివిడిగా రాసి ఉంటుంది. ఉదాహరణకి ఒక బండికి ముందు ఇరుసు పరిమితి 2,350 కిలోలు. బ్లేడు లేకుండా, ఇద్దరు మనుషులు కూర్చుంటే ముందు 1,900 తూగింది. మిగిలింది 450. మనం పెట్టేది 480. 30 కిలోలు ఎక్కువ. ఆ బండికి ఆ బ్లేడు ఇలాగే పెట్టకూడదు. ఇంతే లెక్క, ఇందులో ఇంజనీరింగ్ కాలేజీ చదువేమీ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, మీరు కోప్పడినా సరే. మన దగ్గర అలవాటేంటి? బండి దిగిపోయింది అంటే కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేస్తాం. దిగిన బండి లేస్తుంది. ఓనరు సంతోషం, మనకి సంతోషం. అక్కడ కూడా ముందు స్ప్రింగులకి రబ్బరు దిమ్మలు, గాలి సంచులు అమ్ముతారు. వేస్తే బండి చూడటానికి సమంగా నిలబడుతుంది. కానీ పట్టీ వేసినంత మాత్రాన ఇరుసు మోసే శక్తి పెరిగిందా? ఆ చీటీ మీద అంకె ఒక్క స్ప్రింగుని చూసి రాయలేదండీ. ఇరుసు, హబ్ బేరింగు, బాల్ జాయింటు, రిమ్ము, టైరు, బ్రేకు, వీటిలో ఏది ముందు ఓడిపోతుందో దాన్ని చూసి రాశారు. మనం స్ప్రింగు ఒక్కటే బలపరిచి, ఓడిపోయేదాన్ని అలాగే వదిలేశాం. పైగా బండి దిగితే అయినా డ్రైవరుకి తెలిసేది. పట్టీ వేసి ఆ హెచ్చరిక కూడా తీసేశాం. అక్కడ కంపెనీలు స్నో ప్లో ప్రిపరేషన్ ప్యాకేజీ అని బండి కొనేటప్పుడే ఇస్తాయి. గట్టి ముందు స్ప్రింగులు, పెద్ద డైనమో అన్నీ కలిపి, ముందు నుంచే లెక్క వేసి ఇస్తారు. కొన్ని మోడళ్ళకి మాత్రం బ్లేడు అసలు తగిలించొద్దని పుస్తకంలోనే రాసేస్తారు. రాసి ఉంటే అక్కడితో ఆగిపోవాలి.

సరే, 30 కిలోలు ఎక్కువైంది, ఏం చెయ్యాలి? వెనక బరువు వేస్తాం. దాన్ని బ్యాలస్ట్ అంటారు. ఎక్కడ వెయ్యాలి? ట్రక్కు తొట్టిలో ఎక్కడో ఒకచోట పడేస్తే సరిపోదు. వెనక ఇరుసుకి ఇంకా వెనక, తొట్టి వెనక తలుపుకి ఆనించి వెయ్యాలి. వెనక ఇరుసుకి 0.9 మీటర్లు వెనక 240 కిలోలు పెట్టారనుకోండి. 0.9ని 3.6తో భాగిస్తే పావు వంతు. 240లో పావు 60. ముందు ఇరుసు మీద 60 కిలోలు తగ్గింది, వెనక 300 పెరిగింది. ఇప్పుడు ముందు మొత్తం పెరుగుదల 480లోంచి 60 పోతే 420. మనకున్న చోటు 450. సరిపోయింది, ఇంకా 30 మిగిలింది. వెనకేమో 120 పోయినా 300 వచ్చింది, 180 లాభం. బ్రేకు కొడితే వెనక చక్రం నేలని పట్టుకుంటుంది. అదే 240 కిలోలు క్యాబిన్‌కి ఆనించి, ఇరుసుకి ముందు వేసి ఉంటే? ముందు ఇరుసు మీద బరువు ఇంకా పెరిగేది. ఒకే ఇసక, ఒకే బస్తాలు. పెట్టిన చోటుని బట్టి మందు అవుతుంది, విషమూ అవుతుంది. బండి మొత్తం బరువు పరిమితి కూడా దాటలేదు కదా అని ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే బ్లేడూ బస్తాలూ కలిపి 600 కిలోలు మనం ఎక్కించాం.

ఆ బస్తాలని కట్టాలి. గట్టిగా కట్టాలి. బండి గోడకి కొట్టుకుని ఆగిపోతుంది, తొట్టిలో బస్తా ఆగదు. అది క్యాబిన్ వెనక అద్దం పగలగొట్టుకుని డ్రైవరు మెడ మీదకొస్తుంది. మేము తొట్టిలో అడ్డంగా చెక్క చట్రం చేసి, దాన్ని తొట్టికి బిగించి, బస్తాలు అందులో పెట్టేవాళ్ళం. వదులుగా కాంక్రీటు దిమ్మలు వేసుకొచ్చినవాళ్ళని నేను వెనక్కి పంపేశాను.

ఇంత లెక్క వేశాక కూడా నమ్మకండి. కాటా వెయ్యండి. మన లారీల వాళ్ళకి కాటా చీటీ కొత్తేమీ కాదు. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక తూకం, బండి మొత్తం పెట్టి ఒక తూకం, తర్వాత వెనక చక్రాలు మాత్రమే పెట్టి ఒకటి. పది నిమిషాల పని. ఆ పెద్దాయన సంగతి జరిగాక మా షాపులో అదే నియమం అయింది. కాటా చీటీ ఫైల్లో లేకుండా ఏ బండి తాళం చెవీ బయటికి పోలేదు. తుఫాను వస్తోందని ఎంత టెన్షన్ పెట్టినా సరే.

ఛాసీ, బోల్టు, బంపరు

ఇప్పుడు బిగింపు. మౌంటు ఆ బండి మోడలుకే, ఆ సంవత్సరానికే తయారుచేసింది తెప్పించాలి. ఛాసీకి కంపెనీ వేసిన రంధ్రాల్లోనే అది కూర్చుంటుంది. సరిగ్గా కూర్చోకపోతే మన చెయ్యి ఎటు పోతుంది? గ్యాస్ కటింగు వైపు పోతుంది. నా చెయ్యి కూడా పోయింది, అలవాటు కదా. ఛాసీ పట్టాని మంటతో కోస్తే, వెల్డింగు కొడితే, ఆ వేడికి చుట్టుపక్కల ఇనుము గుణమే మారిపోతుంది. పగులు ఆ రోజు రాదు. వచ్చే ఏడు, ఇంకో డ్రైవరు చేతిలో ఉన్నప్పుడు వస్తుంది. ఛాసీ పై అంచుకీ కింది అంచుకీ రంధ్రాలు కొట్టకూడదు, బరువంతా లాగేది, నొక్కేది ఆ అంచుల మీదే. రంధ్రం తప్పదంటే నిలువు గోడకి, అదీ కంపెనీ ఒప్పుకున్న చోట.

బోల్టు గురించి నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి. బోల్టు తల మీద దాని బలం చెప్పే గుర్తులుంటాయి. మన దగ్గర 8.8, 10.9 అని అంకెలు. అమెరికా అంగుళాల బోల్టుకి గీతలు: మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. ఏ గుర్తూ లేని బోల్టు ఇలాంటి చోట వాడకూడదు. ఎందుకంటే, రెండు ఇనప పలకలని బోల్టు మేకులాగా అడ్డం పడి ఆపుతుందని మనం అనుకుంటాం. కాదు. బిగించినప్పుడు బోల్టు స్ప్రింగులాగా కొంచెం సాగుతుంది. సాగింది వెనక్కి లాగుతుంది కాబట్టి రెండు పలకలూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే బ్లేడుని పట్టుకుంటుంది. తక్కువ బిగిస్తే రాపిడి చాలదు, పలకలు జరుగుతాయి, అప్పుడు నిజంగానే బోల్టు మేకు అయిపోయి తెగిపోతుంది. పానాకి గొట్టం తగిలించి ఎక్కువ బిగిస్తే బోల్టు సాగిపోయి స్ప్రింగు గుణం పోతుంది. అందుకే టార్క్ రెంచి, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా. పలకల మధ్య రంగు, తుప్పు ఉంటే గీకెయ్యాలి. మొదటిసారి మంచు తోసొచ్చాక మళ్ళీ బండిని పిలిపించి అన్ని బోల్టులూ మళ్ళీ టార్క్ చూసేవాళ్ళం. ఎందుకంటే రంగు నలిగి, పలకలు సర్దుకుని, బోల్టు వదులవుతుంది. ఆ రెండో బిగింపుకి మేము డబ్బు తీసుకోలేదు, అది మొదటి పనిలో భాగమే అని నా నమ్మకం. పైగా అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు కరగటానికి. ఆ ఉప్పు నీళ్ళు బోల్టునీ, వైరు జాయింటునీ తినేస్తాయి. మన మచిలీపట్నం వైపు బండ్లు చూసినవాళ్ళకి ఉప్పు గాలి ఏం చేస్తుందో తెలుసు.

బంపరు వెనక ఉండే గట్టి కమ్మీని, ఛాసీ ముందు కొమ్ముల్ని ఎవరూ కొయ్యకూడదు. బండి గుద్దుకున్నప్పుడు అవి ఒక లెక్క ప్రకారం నలగాలి. అవి నలిగే తీరుని బట్టే ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో కంపెనీ నిర్ణయించింది. మన దగ్గర బుల్ బార్ల మీద ఇదే గొడవ కదా. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ, బుల్ బార్లు తీయించమని రాష్ట్రాలకి రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి రూపు మన ఇష్టానికి మార్చొద్దంటుంది. పోలీసు ఆపుతాడని తీసెయ్యడం వేరు, నడిచే మనిషి మోకాలికి ఆ గొట్టం తగులుతుందనీ, లోపల కూర్చున్నవాడి ఎయిర్‌బ్యాగ్ లెక్క తప్పుతుందనీ తెలిసి తీసెయ్యడం వేరు. నేను రెండోదే అడుగుతున్నాను.

లైట్ల విషయం తొందరగా చెప్పేస్తాను. బ్లేడు ఎత్తితే బండి హెడ్‌లైట్లకి అడ్డం వస్తుంది. అందుకని బ్లేడు చట్రం మీద ఇంకా ఎత్తులో ఇంకో జత లైట్లు పెడతారు, ఇండికేటర్లతో సహా. బిగించాక గోడ ముందు నిలబెట్టి, బ్లేడు ఎత్తి, వెలుగు ఎక్కడ పడుతోందో మళ్ళీ సర్దాలి. ముందు భాగం దిగింది కాబట్టి పాత సర్దుబాటు పనికిరాదు.

పంపు మోటారు బ్లేడు ఎత్తేటప్పుడు 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. మన సెల్ఫ్ మోటారుతో పోల్చుకోండి. సెల్ఫ్ రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది, ఇదేమో రాత్రంతా నిమిషానికి నాలుగైదు సార్లు. అదే సమయంలో హీటరు ఫ్యాను, వైపర్లు, లైట్లు అన్నీ నడుస్తుంటాయి. బ్యాటరీ బలహీనంగా ఉంటే మంచు మధ్యలో బండి ఆగిపోతుంది. మందపాటి కేబులు, సరైన ఫ్యూజు, ఎర్త్ తీసుకునే చోట రంగు గీకిన శుభ్రమైన ఇనుము. వైరు రేకులోంచి దూరే చోట రబ్బరు బుష్ లేకపోతే ఆ రేకే కత్తి అవుతుంది. ఇక రేడియేటరు. బ్లేడు పూర్తిగా ఎత్తి వేగంగా వెళ్తే గాలి తగలదు, గడ్డకట్టే చలిలో కూడా ఇంజను వేడెక్కుతుంది. నమ్మరు గానీ, మైనస్ పది డిగ్రీల్లో పొగలు కక్కుతూ వచ్చిన బండి నేను చూశాను. రోడ్డు మీద వెళ్ళేటప్పుడు బ్లేడు కొంచెం దించి, ఒక పక్కకి తిప్పి ఉంచమని డ్రైవరుకి చెప్పాలి.

బ్లేడుకీ బండికీ మధ్య మనిషి

ఇప్పటిదాకా ఇనుము గురించి చెప్పాను. ఇక మనిషి గురించి.

బ్లేడు చలికాలమంతా బండికే ఉండదు. తీస్తారు, పెడతారు. పెట్టేటప్పుడు బండిని మెల్లగా ముందుకి నడిపి, మౌంటుని బ్లేడు చట్రంలోకి దూర్చాలి. ఒకరు డ్రైవరు సీట్లో, ఒకరు సాయం. సాయం చేసేవాడు ఎక్కడ నిలబడతాడు? సరిగ్గా కనిపించాలని బండికీ బ్లేడుకీ మధ్య నిలబడతాడు. మనందరం అక్కడే నిలబడతాం. లారీకి ట్రైలరు తగిలించేటప్పుడు మన దగ్గర ఎంతమంది అక్కడే నిలబడి ఉంటారో చూడండి. క్లచ్ మీద నుంచి ఒక్కసారి పాదం జారితే చాలు. పక్కన నిలబడాలి. డ్రైవరు కంటికి కనపడే చోట. సాయం చేసేవాడు కనపడకపోతే డ్రైవరు బండి ఆపెయ్యాలి. పిన్నులు వేసేటప్పుడు ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకోవాలి. తాళం చెవి లోపల ఉందంటే, ఎవరో ఎక్కి మీట ముట్టుకుంటారు, బ్లేడు పాదం మీద పడుతుంది. బ్లేడు ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ ఎనిమిది అడుగుల లోపు ఎవరూ ఉండకూడదు. పిల్లలైతే అసలు ఆ చుట్టుపక్కలకే రాకూడదు.

ఎత్తిన బ్లేడు కింద చెయ్యి పెట్టకండి. దాన్ని పట్టుకున్నది ఒక రబ్బరు గొట్టంలో ఉన్న నూనె. గొట్టం పగిలితే 360 కిలోలు కిందకి వస్తాయి. ఇక్కడ టిప్పర్ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. లేపిన టిప్పర్ బాడీ కింద దిమ్మ పెట్టకుండా దూరి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మన మధ్య ఉండేవాళ్ళే. దయచేసి, దయచేసి, దిమ్మ పెట్టండి. బండి నిలిపేటప్పుడు కూడా బ్లేడు నేల మీదకి దించే దిగాలి.

బ్లేడు కింది అంచు దేనికైనా తగిలితే, బ్లేడు విరగకుండా ముందుకి వాలి మళ్ళీ లేవటానికి పెద్ద స్ప్రింగులు ఉంటాయి. రోడ్డు మధ్య మ్యాన్‌హోల్ మూత తగిలినప్పుడు అవే కాపాడతాయి. ఆ స్ప్రింగు మార్చేటప్పుడు ముందు దాని బిగువు పూర్తిగా వదిలించాలి. వేళ్ళు ఆ సందులో పెట్టకూడదు.

హైడ్రాలిక్ నూనె గురించి ఇంకొకటి, ఇది ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ. గొట్టానికి సూది మొన అంత రంధ్రం పడింది. నూనె సన్నగా తుంపరలా వస్తోంది. ఎక్కడి నుంచో తెలియటం లేదు. మనం ఏం చేస్తాం? చేత్తో తడుముతాం. ఆ తుంపర అంత ఒత్తిడిలో చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైన చూస్తే చీమ కుట్టినంత గుర్తు, నొప్పి కూడా మొదట్లో ఉండదు. లోపల కండ చచ్చిపోవడం మొదలవుతుంది. గంటలు గడిస్తే వేలు, ఆ తర్వాత చెయ్యి తీసెయ్యాల్సి రావచ్చు. అందుకని అట్టముక్క పట్టుకుని వెతకండి, చెయ్యి కాదు. ఒకవేళ దూరిందంటే, నొప్పి లేదు కదా రేపు చూద్దాం అనకండి. అప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళి, "ఒత్తిడితో నూనె లోపలికి పోయింది" అని అదే మాట డాక్టరుకి చెప్పండి. చిన్న గాయమనుకుని కట్టు కట్టి పంపిస్తే చెయ్యి పోతుంది.

బండి అప్పగించేటప్పుడు డ్రైవరుని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పేవాణ్ణి. బ్లేడు తగిలించి ఉండగా 45 మైళ్ళు, అంటే మన 70 కిలోమీటర్లు దాటొద్దు. మంచు తోసేటప్పుడు మనిషి పరుగెత్తేంత వేగం కూడా వద్దు. బ్రేకు ఎప్పుడూ కొట్టే చోటికంటే ముందే కొట్టు. సీటు బెల్టు పెట్టుకో, బ్లేడు దేనికైనా తగిలితే బండి ఉన్నచోటే ఆగుతుంది, నువ్వు ఆగవు. రాత్రి నిద్ర ఆపుకోలేక బండిలోనే హీటరు వేసుకుని కునుకు తియ్యకు, సైలెన్సరు గొట్టం మంచులో కూరుకుపోతే ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికొస్తుంది, దానికి వాసన ఉండదు. ఇవన్నీ రాసిన కాగితం సన్ వైజరుకి తగిలించేవాణ్ణి. కానీ కాగితం ఎవరు చదువుతారు? అందుకే పక్కన కూర్చుని చెప్పేవాణ్ణి.

ప్రశ్నలు అడగండి. ఆ... వెనక నిలబడ్డ తమ్ముడు.

తెనాలి దగ్గర నుంచి వచ్చాడట. వాళ్ళ బాబాయి ట్రాక్టర్‌కి ముందు బ్లేడు పెట్టించారు, పొలం చదును చేయటానికి. అప్పటి నుంచి స్టీరింగు బరువెక్కింది, ముందు టైర్లు అరిగిపోతున్నాయి, కాలవ గట్టు దిగేటప్పుడు వెనక చక్రం తేలిపోతోంది, ఏం చెయ్యాలి అంటున్నాడు. తమ్ముడూ, నువ్వు చెప్పిన మూడూ ఒకే రోగానికి గుర్తులు, ఇందాక లెక్క వేసిందే. మీ ట్రాక్టరు వెనక టైర్లలో నీళ్ళు నింపారా? లేదా? నీళ్ళు నింపడం, వెనక రిమ్ములకి పోత ఇనుము బరువులు బిగించడం ట్రాక్టర్ పుస్తకంలోనే ఉంటుంది, ఎంత వరకు అన్నది కూడా ఉంటుంది. అది రెండో పని. ముందు ఇరుసు ఎంత మోయాలో ఆ పుస్తకంలో చూడటం మొదటి పని. అప్పటిదాకా బాబాయిని గట్టు దిగొద్దని చెప్పు, ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పు. బ్లేడు విప్పేసి, ట్రాక్టరునీ బ్లేడునీ విడివిడిగా తీసుకురండి, తగిలించి రోడ్డు మీద నడుపుకుంటూ రావద్దు. పుస్తకం మర్చిపోకండి. మేస్త్రి గారూ, మన పక్క కాటా ఆదివారం కూడా తెరిచే ఉంటుందా? ఉంటుందట. అయితే వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి, బ్లేడు లేకుండా ఒక తూకం, పెట్టి ఒక తూకం చూద్దాం. ఖాళీగా ఉన్నవాళ్ళు ఎవరైనా రండి, చీటీ మీ ముందే చదువుతాను.